అలిగి అడుక్కున్న తుప్పు కత్తి

ఇప్పుడైతే ఇంట్లో మిక్సీ మొరాయిస్తే బుద్ధిగా చంకన పెట్టుకుని బాగుచేసే అంగడికి పోతున్నాను గాని, కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో నా తీరే వేరు. మూత ఉన్నది ఏది కనబడినా తీసి చూడాలి, స్క్రూ ఉన్నది ఏది దొరికినా విప్పి చూడాలి. విప్పినదాన్ని తిరిగి బిగించడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత ఉత్సాహం ఉండేది కాదు (ఆ పని ఎవరైనా చేస్తారు కదా అని నా అభిప్రాయం). మదనపల్లెలో మా ఇంటి గోడ గడియారం, ఇస్త్రీ పెట్టె, పక్కింటివాళ్ళ రేడియో నా చేతిలో పడి కోలుకోలేదు. "వీని చేతికి ఏమిచ్చినా పేగులు బయటికి తీస్తాడు తల్లీ" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ ముందే హెచ్చరిక చేసేది. ఇది చాలదన్నట్టు ఫోనులో వీడియోలు వచ్చిపడ్డాయి. తుప్పు పట్టిన సామాన్లను బాగుచేసే వీడియోలు. అందులో మనిషి ముఖం కనబడదు, మాట వినబడదు, రెండు చేతులు మాత్రం కనబడతాయి. టీ తాగేలోగా తుప్పుముద్ద అద్దమైపోతుంది. మధ్యలో ఎన్ని రోజుల చాకిరీ కత్తిరించి పారేశారో ఎవరూ చెప్పరు. నేనూ అడగలేదు. చూసి చూసి, ఆ రెండు చేతులు నావేనన్న నమ్మకానికి వచ్చేశాను.

ఉద్యోగం కుప్పంలో, గ్రానైట్ పలకలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఉద్యోగం రాగానే పెళ్ళి కుదిర్చారు. పిల్ల పుంగనూరు పిల్ల. బంధుత్వం లేని బయటి సంబంధం. మామ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను అడిగింది ఒకటే, "బండి తోల్తావా అప్పా?" అని. తోలుతానన్నాను. "స్పీడుగానా?" అన్నాడు. గొప్పగా ఉంటుందని అవునన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నా జవాబు బాగా నచ్చిందనుకుని ఇంటికి వచ్చాను.

పెళ్ళి పుంగనూరులోనే జరిగింది. తాళి కట్టాక బట్టలు మార్చుకోవడానికి నన్ను వాళ్ళింటి వెనకవైపు చిన్న గదిలోకి పంపారు. అక్కడ ఒక రేకు పెట్టె. మూత ఉన్న పెట్టె. పెళ్ళికొడుకునన్న సంగతి మరిచిపోయి తీసి చూశాను. లోపల మామ పాత టిక్కెట్ల సంచి, విజిలు, వాటి కింద గుడ్డలో చుట్టిన క్షవరపు కత్తి. పాతకాలంది, కొమ్ముతో చేసిన పిడిలోకి మడుచుకునే రకం. తుప్పు పట్టి పిడికీ కత్తికీ తేడా తెలియకుండా ఒకటే కట్టెలా బిగుసుకుపోయి ఉంది. తెరవబోయాను, రాలేదు. గోరు పెట్టి లాగాను, గోరు విరిగింది. బయట ఎవరో "అల్లుడు యాడ?" అని కేకలు పెడుతున్నారు. ఆ మడతలో దాక్కున్న అంచు ఇంకా మిగిలే ఉందా, తుప్పు తినేసిందా? ఆ ఒక్క సంగతి తెలియకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

అన్నం దగ్గరే కథ మొదలైంది. పెళ్ళి భోజనంలో అల్లుడు విస్తరి ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా అలగడం, మామ వచ్చి ఏం కావాలో అడిగి తీర్చడం మా వైపు ఒక ముచ్చట. ఆ పూట అల్లుడు ఏమడిగినా లేదనకూడదు. నా పక్కన కూర్చున్న మా ఫ్యాక్టరీ మిత్రుడు (మనిషి వెడల్పును బట్టి మేమంతా స్లాబన్న అని పిలిచేవాళ్ళం) తొడ గిల్లి "బండి అడుగన్నా, బండి" అని చెవిలో పోరుతున్నాడు. మామ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "సెప్పప్పా, ఏం గావల్ల?" అన్నాడు. బండికి సిద్ధపడే వచ్చాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. నేను "మామా, లోపల రేకు పెట్టెలో ఒక గడ్డం కత్తి ఉండాదే, అది గావాల" అన్నాను.

పంక్తి మొత్తం నమలడం ఆపేసింది. స్లాబన్న నా తొడ వదిలేసి తన తల పట్టుకున్నాడు. అత్త పప్పు గరిటెతో అలాగే నిలబడిపోయి, "యాడన్నా ఉండాదా ఇట్లాంటిది! పెండ్లి పూట ఇనుము చేతికిస్తారా, అందులోనూ కత్తి?" అంది. మా అమ్మ తల దించుకుంది. నాకు ఇంకోపక్క కూర్చున్న పెళ్ళికూతురు మొదటిసారి నా వైపు నేరుగా చూసింది, ఇతనెవరు అన్నట్టు. మామ మాత్రం చాలాసేపు నన్నే చూసి, "అది మా నాయనది. ఆయన పోయినాక ఎవురూ తెరవలేదు. ఇస్తా" అన్నాడు. "ఒగ మాట మాత్రం. దాన్ని బాగుచేసుకోనొచ్చి నాకు నువ్వే గడ్డం తీయల్ల. అంతవరకు నా మొగానికి కత్తి తగలనీను." నేను ఆ సంబరంలో సరే మామా అనేసి లడ్డు కొరికాను. ఏం ఒప్పుకున్నానో నాకు అప్పుడు అర్థం కాలేదు. కుప్పం పోయిన కొన్నాళ్ళకు, ఫోనులో మామ ముఖం కనబడినప్పుడు అర్థమైంది.

ఎందుకంటే ఆయన నిజంగానే గడ్డం తీయడం మానేశాడు. వీడియో కాల్ చేసిన ప్రతిసారీ ఆ గడ్డం కాస్త పొడుగు పెరిగేది. పుంగనూరులో ఆయన తెలియనివాళ్ళు లేరు. ఊరి సగం ఆయన దగ్గర టిక్కెట్టు తీసుకున్నవాళ్ళే. "ఏమన్నా, మాల ఏసుకుంటివా?" అని ఒకరు, "ఇంట్లో ఏమన్నా జరిగెనా?" అని ఇంకొకరు. అందరికీ ఆయన జవాబు ఒకటే, "అల్లుడొచ్చి తీస్తాడు." అత్త ఫోను లాక్కుని, "నాయనా, ఉగాదికి కొత్త అల్లుని పిలుస్తాండాము, ఈయప్ప ఈ బూచి మొగంతో పూజలో కూర్చుంటానంటాండాడు, నువ్వే ఏదో ఒగటి చెయ్యల్ల" అని మొత్తుకునేది. ఉగాది లోపల కత్తి పదును కావాలి, నా చెయ్యి కుదరాలి. లేకపోతే నేను మాటకు నిలబడని అల్లుణ్ణని కొన్ని బస్సు రూట్ల పొడవునా తెలిసిపోతుంది.

మొదటి ఘనకార్యం చింతపండు. మా ఆవిడకు రాగి చెంబులు, ఇత్తడి దీపాలు తోమడంలో మంచి పేరు. "చింతపండులో నానబెట్టండి, తళతళలాడతాది" అంది. కాపురానికి వచ్చాక ఆమె నాకిచ్చిన మొదటి సలహా కాబట్టి కాదనలేకపోయాను (నిజం చెప్పాలంటే నాకూ అదే బాగుంటుందనిపించింది). కిరోసిన్ పోసి పోసి మడత ఊడదీసి, అంచు ఉందని కళ్ళారా చూసుకుని, వీధిలో గంతులేసినంత పని చేసి, దాన్ని తీసుకుపోయి పులుసులో పడేశాను. పొద్దున తీసి చూస్తే కత్తి మా అవ్వ అట్లపెనం రంగులో నిగనిగలాడుతోంది. ఇత్తడికి మేలు చేసే పులుపు ఉక్కును నల్లగా కాలుస్తుందని అప్పుడు ఫోనులో వెతికి తెలుసుకున్నాం. ఇద్దరం ఆ నల్లకత్తికి చెరోవైపు కూర్చుని దాన్నే చూశాం. తర్వాత ఆమె ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. కొత్త కాపురంలో మా మధ్య ఉన్న మొహమాటం ఆ రోజుతో పోయింది.

అక్కడినుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేశాను. నీళ్ళలో తడిపి రుద్దే ఉప్పుకాగితం, మొదట గరుకుది, తర్వాత నున్నది, చివరికి కాగితమో పట్టుగుడ్డో తెలియనంత మెత్తనిది. కత్తి పొడుగునా రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు. గట్టిగా రుద్దితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఉక్కు పస పోతుంది, అందుకని మధ్యమధ్య నీళ్ళలో ముంచాలి. ఆ కత్తిని చేతిలో పట్టుకుని చూసినకొద్దీ నాకు ఆశ్చర్యం తగ్గేది కాదు. వెన్ను చూస్తే పెన్సిలంత లావు. అక్కడినుంచి రెండువైపులా లోపలికి గుల్ల తీసుకుంటూ పోయి, అంచు దగ్గరికి వచ్చేసరికి ఇక ఏమీ లేదన్నంత పలచన. గోటితో మీటితే సన్నగా మోగేది. ఎవరు చేశారో, దేనితో గుల్ల తీశారో, మామ నాయన చేతికి ఎలా వచ్చిందో అని ఆలోచిస్తూ కూర్చుంటే అన్నం చల్లారిపోయేది. పిడి కొమ్ము ఎండి పగుళ్ళిచ్చి ఉంటే కొబ్బరినూనెలో నానబెట్టాను. నల్లరంగు పోయింది, కింద అక్కడక్కడా తుప్పు తిన్న గుంటలు మిగిలాయి. మశూచి మచ్చల్లాంటి ఆ గుంటలు పోవాలంటే కత్తే పోతుందని వాటిని వదిలేశాను.

పదును పెట్టడానికి రాయి కావాలి. రాళ్ళ ఫ్యాక్టరీలో పని చేస్తూ రాయి కొనడం ఏమిటని, పాలిష్ చేసి కోసేయగా మిగిలిన నల్ల గ్రానైట్ ముక్క అడిగి తెచ్చుకున్నాను. అద్దమంత చదును. దాని మీద పాలిష్ పొడి, నీళ్ళు కలిపి, వెన్ను అంచు రెండూ ఆనించి, ముందుకొకసారి వెనక్కొకసారి తోయాలి. ఆఖరు మెరుగుకు తోలు పట్టీ కావాలని మామతో ఫోనులో అన్నాను. మూడోనాడు మా ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు ఆపి డ్రైవరు ఒక కాగితం పొట్లం ఇచ్చిపోయాడు. విప్పితే పైన మురుకులు, కింద ఆ టిక్కెట్ల సంచి తోలుపట్టీ, సంచినుంచి కోసింది. ఆయన భుజం మీద అన్నేళ్ళు నలిగి వెన్నలా మెత్తబడిన తోలు. చేత్తో పట్టుకుంటే బస్సు వాసన వచ్చింది. ఇంతపని ఆయన చేస్తాడని నేను అనుకోలేదు. కొంచెం భయం వేసినట్టుంది కూడా, కాని అప్పటికి అది భయమని నాకు తెలియదు.

పదును వచ్చిందో లేదో తెలియాలంటే ముంజేతి వెంట్రుకల మీద చూడాలి. నా ఎడమచెయ్యి మణికట్టు నుంచి మోచేయి దాకా నున్నగా అయిపోయింది. ఇంకా చూడాలనిపించింది, వెంట్రుకలు లేవు. స్లాబన్న "నా చెయ్యి సూడన్నా, మస్తుగా ఉండాది" అని ముందుకొచ్చాడు. ఆయన చెయ్యి చూసి కట్టింగ్ మిషను దగ్గర పనిచేసేవాళ్ళు వచ్చారు, వాళ్ళను చూసి లోడింగువాళ్ళు వచ్చారు. ఒకరోజు యజమాని జీతాల సంతకాలు పెట్టిస్తూ, మా వాళ్ళందరి ఎడమచేతులు పెళ్ళికూతుళ్ళ చేతుల్లా ఉండడం గమనించి, ఏమన్నా చర్మరోగం పాకుతోందా అని విచారించాడు.

చెయ్యి చదునుగా ఉంటుంది, ముఖం గుండ్రంగా ఉంటుంది. దానికి టమాటాలు వాడాను. మదనపల్లె మార్కెట్లో మా నాయన పనిచేసే మండీ నుంచి ఒక పెట్టె పంపించాడు, కోడలు పచ్చడి పెట్టుకుంటుందని. ఆ కోడలు చూస్తుండగానే నేను ఒక్కో టమాటాకు సబ్బు నురుగు పట్టించి, తొక్క తెగకుండా నురుగు గీకడం సాధన చేశాను. తొడిమ దగ్గర వంపు గడ్డం కింద వంపులా ఉంటుంది, అక్కడే గీసుకుపోయేది. గాయపడిన టమాటాలను మా ఆవిడ కడిగి పప్పులో వేసేది. ఎంత కడిగినా ఆ నెల మా ఇంటి పప్పు మంగళ్ళ అంగడి వాసన వచ్చింది. ఒక సాయంత్రం నేను మంచి కాయను పైకెత్తి, "ఈసారి మీ నాయన గొంతు కాడ కత్తి ఎట్ల పెట్టేదో తెలిసిపాయ!" అని సంతోషంతో అరిచాను. మర్నాడు ఇంటి ఓనరమ్మ మా ఆవిడను పక్కకు పిలిచి, "ఏమ్మా, ఇంట్లో అంతా బాగుండాదా? మీ నాయనకు ఒగ ఫోను చెయ్యరాదా" అందట.

ఉగాదికి ముందొచ్చిన ఆదివారం పుంగనూరు చేరాం. మంగళవారం పనికిరాదు, శుక్రవారం పనికిరాదు, పండగ ముందటి అమావాస్య, పండగ రోజు అసలే పనికిరావు అని లెక్కవేసి ఆ ఆదివారాన్ని ఖాయం చేసింది అత్తే. ఖాయం చేసి, తను మాత్రం పూజగదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. వాకిట్లో కుర్చీ వేశారు. ఎవరూ పిలవకుండానే వీధి వీధంతా వచ్చింది. కాంపౌండు గోడ మీద పిల్లలు, పక్కింటి మేడ మీద ఆడవాళ్ళు. మామ మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. గడ్డం గుండెల దాకా రాలేదు గాని, వస్తానన్నట్టు చూస్తోంది. ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించి, వేడినీళ్ళ గుడ్డ అద్ది, నురుగు పట్టించాను. మా ఆవిడ గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది. తోలుపట్టీని కిటికీ ఊచకు తగిలించి కత్తిని రెండువైపులా తిప్పితిప్పి రాశాను. మామ ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

కుడి చెంప మీద పెట్టాను. సరసరమని సన్నని చప్పుడు, కత్తి వెంబడి నురుగు, నురుగు వెనక నున్నటి చర్మం. నాకే నమ్మకం కలగలేదు. అంతకాలం తుప్పులో మూతబడి ఉన్న అంచు నా కళ్ళముందే పని చేస్తోంది. కుడి చెంప అయిపోయింది, ఒక్క గాటు లేదు. గోడ మీది పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఆహా, అల్లుడంటే ఈయప్ప!" అని మేడ మీద నుంచి ఎవరో అన్నారు. ఇక మామ తల వెనక్కి వాల్చి గొంతు పైకెత్తాడు.

అప్పటిదాకా నేను చూసింది గడ్డం. ఇప్పుడు గొంతు కనబడింది. ముడతల మధ్య ఒక నరం కదులుతోంది, ఆగి కదులుతోంది. మామ గుటక వేస్తే గొంతుముడి పైకి పోయి కిందికి వచ్చింది. టమాటా గుటక వేయదు. ఇది మా ఆవిడ నాయన గొంతు అన్న సంగతి ఆ క్షణం నాకు తెలిసినట్టు అంతకుముందు ఎప్పుడూ తెలియలేదు. ఆమె వైపు చూశాను. ఆమె గిన్నె పట్టుకున్న వేళ్ళు తెల్లగా అయిపోయాయి. చుట్టూ జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, మాట నిలబెట్టుకోవడానికి నాకు అడ్డుగా ఉన్నది ఆ జానెడు చర్మమే.

కత్తి తుడిచి మడిచాను. "మామా, ఇంక నా చేత గాదు" అన్నాను.

ఆయన కళ్ళు తెరవకుండానే, "యాలప్పా? కత్తి మొద్దుబారెనా?" అన్నాడు.

"కత్తి బాగుండాది మామా. నాకే భయంగా ఉండాది."

గోడ మీద ఎవడో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. మామ లేచి కూర్చున్నాడు. సగం ముఖం నున్నగా, సగం నురుగుతో, నన్ను పెళ్ళినాటి చూపుతోనే చూశాడు. నా చెవులు కాలిపోతున్నాయి. తిడతాడనుకున్నాను. ఆయన నవ్వాడు. అంత పెద్దగా నవ్వగలడని మా ఆవిడకే తెలియదట.

"పెండ్లినాడు బండి అడుగుతావనుకుంటి, కత్తి అడిగితివి" అన్నాడు. "బండి స్పీడుగా తోల్తాననీ సెప్తివి. ఆ పొద్దు నించి నాకు నిద్ర సరిగా లేదప్పా. నా సర్వీసంతా సూసినా, ఫుట్‌బోర్డు మీద ఏలాడేవాళ్ళను. ఎంత సెప్పినా ఇనరు, భయమనేదే ఉండదు వాళ్ళకి. అట్లాంటోనికి నా బిడ్డను ఇచ్చేస్తినేమో అని ఇన్నాళ్ళు నేను భయపడినా. అందుకే గడ్డం ఇడిసినా, గొంతు కాడికొచ్చినప్పుడు ఏం జేస్తావో సూడల్లనని."

"కోసింటే?" అని పూజగదిలోంచి అత్త గొంతు వినబడింది.

"కోసింటే తెలిసేది గదా" అన్నాడు మామ నింపాదిగా.

అన్ని నెలలు నేను ఆ కత్తి ఎలాంటిదో తెలుసుకోవాలని తాపత్రయపడుతుంటే, పుంగనూరులో ఒక మనిషి గడ్డం గోక్కుంటూ నేను ఎలాంటివాణ్ణో తెలుసుకోవాలని కూర్చున్నాడు. నాకు సిగ్గు వేసింది, సంతోషం కూడా వేసింది, ఏది ముందు వేసిందో ఇప్పటికీ చెప్పలేను. మా ఆవిడ గిన్నె కింద పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది.

మిగతా సగం అంగడిలో తీయించుకుంటానని మామ లేచాడు. తువ్వాలు కప్పుకోమంటే వినలేదు. సగం గడ్డంతో పుంగనూరు బజారులో నడిచాడు, వెనక నేను. పూల అంగడి దగ్గర ఆగాడు, టీ అంగడి దగ్గర ఆగాడు. "ఏమి కండక్టరన్నా, అర టికెట్టేనా?" అని ఎవరో అరిచారు. "మా అల్లునికి ఇంతవరకే ధైర్యం" అని ఆయన నున్నటి చెంప తడిమి చూపించాడు. ఇంత గర్వంగా నన్ను పిరికివాణ్ణని చెప్పినవాళ్ళు అంతకుముందూ లేరు, తర్వాతా లేరు.

ఆ మాటకు చాలా ఏళ్ళయింది. నేను ఇప్పుడు స్క్రూలు విప్పను, బండి నలభై దాటించను. మా అమ్మాయికి ఆరేళ్ళు నిండాయి. సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వీధిలో కుర్రాళ్ళు హారన్లు మోగించుకుంటూ, చేతులు వదిలేసి బండ్లు తోలుకుంటూ పోతుంటారు. ఒక్కొక్కణ్ణీ మూల మలుపు దాకా చూస్తాను, వీడికి ఎక్కడైనా భయం ఉందా లేదా అని. చూస్తూ చూస్తూ నా చెయ్యి నాకు తెలియకుండానే గడ్డం తడుముకుంటుంది. లోపలినుంచి మా ఆవిడ "లోపలికి రండి, మన పిల్లకింకా పాలపండ్లు గూడా ఊడలేదు" అని పిలుస్తుంది. వస్తున్నానంటాను గాని, ఇంకొక్క బండి పోయేదాకా కూర్చునే ఉంటాను.